కచేరి ముంగిలి

రాజభవనముల చరిత్ర వ్రాయువారు గోడల మందమును, బురుజుల సంఖ్యను, స్తంభములపై చెక్కిన లతలను, సింహద్వారపు టెత్తును కొలిచి చెప్పుదురు గాని, ఆ ద్వారమునకు వెలుపల ఎండలో నిలిచి తన వంతు ఎప్పుడు వచ్చునా యని చూచుచుండిన రైతు ఎచట కూర్చుండెనో, ఎచట దాహము తీర్చుకొనెనో, తన బండియెడ్లను ఏ చెట్టు మొదట కట్టివేసెనో చెప్పుట అరుదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో గత మూడువందల యేండ్లుగా కోటయే కానిండు, దేవిడియే కానిండు, తహశీలు కచేరియే కానిండు, నిన్నమొన్న వెలసిన సమీకృత జిల్లా కార్యాలయ భవనమే కానిండు, పాలనాగృహము చుట్టునున్న ఆరుబయలును ఎవరు ఎవరికొరకు ఎట్లు తీర్చిరో పరిశీలించిన యెడల, ఆ పాలకులు తమ ఇంటికి వచ్చిన మనిషిని ఎట్టివానిగా తలచిరో శాసనములకంటె స్పష్టముగా తెలియవచ్చును.

ముందుగా ఈ నేల స్వభావమును చెప్పవలెను. కృష్ణా తుంగభద్రల నడుమ ఒదిగియున్న నడిగడ్డలో గద్వాల కలదు. కృష్ణకు ఉత్తరపు టొడ్డున వనపర్తి, దానికి తూర్పున నల్లమల అడవి అంచువరకు నాగర్‌కర్నూలు, కొల్లాపురము వ్యాపించియున్నవి. పటమును చూచిన పరదేశి ఇది నదీమాతృకయైన సస్యశ్యామల భూమియని భ్రమపడును. కాని నదులు పల్లమున, పొలములు మిట్టమీద. ఏడాదికి కురియు వాన 600 మిల్లీమీటర్లకు అటునిటు మాత్రమే, అదియు నాలుగు నెలలలో, కొన్ని యేండ్లు నాలుగే నాలుగు పెద్ద వానలలో. రెండు మహానదుల నడుమ నుండియు తరతరములుగా బొంబాయి, పూనాలవైపు మట్టిపనికి వలసపోయిన పాలమూరు కూలీల కథ తెలిసినవారికి ఈ వైపరీత్యమును వేరుగా వివరింప నక్కరలేదు. ఇట్టి చోట చెట్టు నాటుటకు ముందే నీటిని గూర్చి ఆలోచింపవలెను. మన పూర్వులు సప్తసంతానములని లెక్కించిన వానిలో పుత్రునితోపాటు తటాకమును వనమును చేర్చుట వట్టి అలంకారము గాదు. చెరువు త్రవ్వనివాడు తోట పెట్టజాలడు, తోట లేనివాని పేరు ఈ ఎండలో రెండు తరములు నిలువదు.

నాగర్‌కర్నూలునకు సమీపమునందలి నంది వడ్డెమానే పూర్వపు వర్ధమానపురము. పదుమూడవ శతాబ్దమున కాకతీయ సామంతులైన గోనవారు అచటినుండియే ఏలిరి. రంగనాథ రామాయణము ఆ వంశపు బుద్ధారెడ్డి పేర వెలసినది. ఆ కాలపు రాజధాని ముంగిలి ఎట్లుండెనో ఊహించుట సాహసమగును గనుక నేను పూనుకొనను. గుడి, చెరువు, కట్ట క్రింద మాగాణి, ఈ మూడింటిని ఒక్క పనిగా తలపెట్టు కాకతీయుల ఆచారము మాత్రము ఈ సీమలో స్థిరపడి, తరువాతి సంస్థానాధీశులకు తాతల యాస్తివలె సంక్రమించెనని చెప్పవచ్చును.

గద్వాల కోటను పదునెనిమిదవ శతాబ్దారంభమున సోమనాద్రి కట్టించెను. లోకులు దానిని మట్టికోట యందురు. వెలుపలి మట్టిగోడ ఎండను త్రాగి లోపలికి ఆలస్యముగా వదలును. నడివేసవిలో ఆ గోడ నీడన నిలిచినవానికి దీని విలువ తెలియును. కోటలోపల రాజునకు ఇల్లెంత ముఖ్యమో చెన్నకేశవస్వామి ఆలయమంత ముఖ్యము. దేవాలయమున్న చోట బావియో కోనేరో ఉండి తీరవలెను, ఉత్సవమునకు వచ్చు జనమునకు నిలువ నీడ ఉండవలెను, రథము తిరుగుటకు బాట ఉండవలెను. కనుక ఆలయము కోటలోనికి వచ్చుటతోనే ప్రజకొఱకైన బయలొకటి రాజగృహపు చెంతనే తప్పనిసరిగా ఏర్పడెను. విద్వద్గద్వాలయని పేరుపొందిన ఆ సంస్థానమునకు ఏటేట పండితులు వచ్చి సన్మానములు పొందుచుండిరి. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములను దర్శించిన వృత్తాంతము సాహితీపరులెల్లరు నెఱుగుదురు. శతావధానము సభామందిరమున జరుగునేమో గాని, అవధానికి ముందును వెనుకను జరుగు వాదములు, ఎత్తిపొడుపులు, ఊరివారి పందెములు చెట్టుక్రిందనే జరుగునని అట్టి సభలు చూచినవారికి తెలియును. నేడు ఆ కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ కళాశాల నడచుచున్నది. బ్రహ్మోత్సవపు దినములలో విద్యార్థులును భక్తులును ఒకే బయలును పంచుకొందురు. ఎవరు ఎవరిని అడ్డుకొనుట లేదు, ఏలయన ఆ బయలు ఒక్క ప్రయోజనమునకై పుట్టినది కాదు.

ఈ విషయమున వనపర్తివారు అందఱినిమించిరని నా అభిప్రాయము. వారి సంస్థానమునందు సప్తసముద్రములని పేర్కొను పెద్ద చెరువులు కలవు. వానిలో శ్రీరంగాపురపు రంగసముద్రమును చూడనివాడు ఈ సీమలో నీటికిని నిర్మాణమునకును గల చుట్టరికమును చూడనట్లే. శ్రీరంగమును సేవించి వచ్చిన వనపర్తి ప్రభువునకు స్వామి కలలో కనబడి తన విగ్రహమున్న తావు చెప్పెనని స్థలపురాణము. ఆ కలను నమ్మినను నమ్మకున్నను, మేల్కొన్న తరువాత ఆ వంశమువారు చేయించిన పని కన్నులకు కనబడుచునే యున్నది: రంగనాయకస్వామి ఆలయమును చెరువు నీటి నంటియే నిలిపిరి. గోపురము తలక్రిందుగా నీటిలో కనబడు సొగసును యాత్రికులు మెచ్చుకొందురు. నేను మెచ్చుకొనునది వేఱు. నైరృతి గాలి ఆ విశాల జలముమీదుగా వచ్చి ప్రాకారమును తాకునప్పటికి దాని వేడిమిలో కొంత నీరు హరించును. ప్రాకారపు టరుగుమీద కూర్చున్నవానికి జ్యేష్ఠమాసపు సాయంకాలము సహ్యమగును. చెరువు కట్ట బాట యగును, కట్టమీది చెట్లు బాటసారికి గొడుగు లగును, కట్టక్రింద ఊట నీటికి తోట పెరుగును, దాని క్రింద వరిమళ్లు పండును. ఒక్క కట్టడమున ఇన్ని పనులు జరిపించుకొనిన ఆ పేరెరుగని మేస్త్రీకి ఈనాటి ఉద్యానశిల్పులు నమస్కరింపవలెను. ఇటీవల భీమా ఎత్తిపోతల పథకమున రంగసముద్రమును, కానాయపల్లి శంకరసముద్రమును కృష్ణానీటిని నిలువచేయు జలాశయములుగా వాడుకొనుచున్నారు. నాటి ఎంపికను నేటి ఇంజనీర్లు కాదనలేదన్నమాట.

కట్టక్రింది భాగ్యము లేని తోటలకు మోటయే గతి. విద్యుత్పంపులు వచ్చిన తరువాత పుట్టినవారు మోటను పుస్తకమునందే చూచియుందురు గనుక కొంచెము విపులముగా చెప్పెదను. బావి గట్టున రెండు స్తంభముల నడుమ గిలక, గిలకమీదుగా మోకు, మోకు చివర నూరు లీటర్లకు మించి నీరు పట్టు తోలు బొక్కెన, దాని యడుగున ఏనుగు తొండమువంటి తోలు గొట్టము, దానికి వేఱొక సన్నని తాడు. ఎడ్లు వాలుగా త్రవ్విన బాటలో దిగునపుడు బొక్కెన పైకి వచ్చును. తొండము తొట్టిలోనికి తనంత తాను సాగి నీరు కుమ్మరించును. ఎడ్లు వెనుకకు ఎక్కునపుడు మఱల బావిలో మునుగును. తోలువాడు దిగునపుడు మోకుమీద కూర్చుండి తన బరువును ఎడ్లకు సాయముగా నిచ్చును. తొట్టినుండి రాతి కాలువ, కాలువనుండి మడి, మడినుండి పాదు. తోటమాలి పారతో ఒక మట్టిగడ్డను తీసి మల్లెపాదునకు దారి యిచ్చి, నిండగానే ఆ గడ్డనే మఱల అడ్డువేసి నిమ్మపాదువైపు మరల్చును. జత యెడ్లు ఉదయమునుండి జామెక్కువరకు తోలినను తడియునది కొద్దిపాటి నేల. కనుకనే సంస్థానపు తోటలలో ప్రతి పాదును ఏదో యొక ఋణము తీర్చవలసియుండెను: స్వామికి పూలు, వంటసాలకు నిమ్మ, అతిథికి కొబ్బరి, విస్తరికి అరటి. కేవలము కంటికింపుగా నుండుటకై ఎద్దుచేత నీరు తోడించిన దొర ఈ సీమలో ఒకడుండెనేమో గాని, ఆ తోట మాత్రము మిగులలేదు.

కొల్లాపురపు సురభివారి సీమలో మామిడి ప్రబలుటకును కారణ మిదియే. మొదటి నాలుగైదేండ్లు కుండలతో పోసి పెంచిన మామిడి ఆపై తన వేరుతో తాను బ్రదుకును, ఫలమిచ్చును, నీడయు నిచ్చును. నేటికిని ఆ ప్రాంతపు మామిడికి హైదరాబాదు విపణిలో మంచి పేరున్నది.

మఱి పచ్చికబయలు ఎట్లు వచ్చెను? దారి హైదరాబాదు మీదుగా వచ్చినది. అచట ఆంగ్లేయుల ప్రతినిధియైన కిర్కుపాట్రిక్కు 1803 ప్రాంతమున కట్టింప నారంభించిన రెసిడెన్సీ భవనమునకు ముంగిట విశాలమైన పచ్చిక, నడుమ వంకర తిరిగిన బండిబాట ఉండగా, వెనుక అతని బేగము ఖైరున్నీసాకొఱకు మొగలాయి పద్ధతిని తోటయు రంగమహలును వెలసెను. ఒకే ప్రాకారములో రెండు నాగరకతలు వీపు వీపు తగిలించి కూర్చున్నవి. రాజధానికి రాకపోకలు సాగించు సంస్థానాధీశులకు ఈ రెండును పరిచితములే. నూతనముగా కట్టుకొనిన మేడలలో మెట్లును స్తంభములును పడమటి పద్ధతిని అనుసరించినప్పుడు ముంగిలియు దానిననుసరింపక తప్పదుగదా. ఇంగ్లండులో పచ్చిక ఆకాశము పెట్టిన బిచ్చము. అచట ఏడాది పొడుగున సన్నని తుంపర కురియుచునే యుండును, గడ్డిని పెంచుట కాదు, కోయుట కష్టము. ఇచట అదే గడ్డి రాచబిడ్డవలె రోజునకు రెండు పూటలు నీరడుగును. వనపర్తి ప్రభువులకు ఆఫ్రికా అశ్వికదళ మొకటి యుండెను. దానిని నిజామునకు సమర్పింపగా ఆ భటులు నివసించిన పేటయే హైదరాబాదులోని ఏసీ గార్డ్సు. అంత దళమున్న సంస్థానమునకు పచ్చికకంటె దుమ్ము లేచు కవాతు మైదానముతోనే పని యెక్కువ. మన పెద్ద కచేరీల ముందు నేటికిని కనబడు విశాలమైన బోసి బయళ్లు ఆ కవాతుల వారసత్వమేమోయని నాకొక అనుమానము.

సంస్థానములకు వెలుపల, సర్కారు ఇలాకాలో కథ వేరు. 1865లో నిజాము దివానైన మొదటి సాలార్‌జంగు జిల్లాబందీని ప్రవేశపెట్టి తాలూకాలకు తహశీలుదారులను, జిల్లాలకు తాలూక్‌దారులను నియమించుటతో కచేరి యను నొక కొత్త కట్టడము ఊరూర పుట్టెను. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కొంతకాలము నాగర్‌కర్నూలే జిల్లాకేంద్రము. పిదప ఆ గౌరవము పాలమూరునకు పోయెను, 1890లో పాలమూరు మహబూబ్‌నగరమయ్యెను. తహశీలు కచేరికి రాజమందిరపు ఆడంబరము లేదు: సున్నపు గోడలు, ముందు వసారా, వసారాముందు మొరము పరచిన బయలు, ఆ బయలులో వేపచెట్టు. దానికి ఉద్యానశిల్పి లేడు. కాని వేపచెట్టుక్రింద జరిగిన వ్యవహారము వసారాలో జరిగిన దానికంటె తక్కువది కాదు. దఫ్తరు భాష ముందు ఫారసీ, ఆపై ఉర్దూ. రైతు భాష తెలుగు. ఈ రెంటికి నడుమ చెట్టు మొదట చాపపై వాలుబల్ల పెట్టుకొని అర్జీలు వ్రాయువాడు కూర్చుండెను. రైతు తన గోడును తెలుగున ఏడ్చును, అతడు దానిని దర్బారు పలుకుబడిలో ఒక పుట చేయును, రైతు వ్రేలిముద్ర వేసి ఏమి వ్రాసెనో ఎఱుగకయే లోపలికి పోవును. స్టాంపులమ్మువాడు, సాక్షిగా నిలుచుటకు వచ్చిన పటేలు, జామీనుదారు, మరమరాలమ్ము ముసలమ్మ, నీటికుండ చెంత జవాను, అందఱును ఆ నీడ జరిగినకొలది జరుగుచుండిరి. కచేరి గోడలు కూలి కొత్తవి లేచిన చోటులలో సైతము ఈ వేపను ఎవ్వరు కొట్టుటకు సాహసింపలేదు; కొట్టినయెడల సగము కచేరి పోయినట్లే.

నాగర్‌కర్నూలు అదృష్టమేమనగా ఊరి చెంతనే కేసరిసముద్రమను పెద్ద చెరువు కలదు. పేరు సముద్రము, వానలు తప్పిన యేట పశువులు మేయు బీడు. ఎత్తిపోతల నీరు వచ్చిన పిదప దాని ముఖము మాఱినది, కట్టమీద సాయంకాలపు నడకకు బాటయు వేసిరి. పని ముగించుకొనిన అర్జీదారు ఊరికి పోవు బస్సు కొఱకు వేచియుండవలసినపుడు ఈ కట్టయే అతనికి తోట.

1949లో జాగీర్దారీ రద్దుతో సంస్థానముల పాలన అంతరించెను. భవనములు మిగిలెను, వానికి కొత్త పని వెదకవలసివచ్చెను. వనపర్తి రాజా రామేశ్వరరావు తన ప్రాసాదమును విద్యకొఱకు విడువగా 1959లో అందు పాలిటెక్నిక్కు నెలకొన్నది. రాజులు పచార్లు చేసిన బయలులో సర్వే గొలుసులు లాగుటకు పిల్లలు నేర్చిరి. ఆ రామేశ్వరరావుగారే తల్లి సరళాదేవి పేర సరళాసాగరమును తలపెట్టిరి. 1949లో శంకుస్థాపన, 1959లో ప్రారంభము. నీరు హద్దు మీఱగానే మనిషి చేయి పడకుండ తనంత తాను వెలికిపోవు సైఫన్లు దాని విశేషము. 2019 డిసెంబరు 31వ తేదీన దాని మట్టికట్టకు గండి పడెను, తిరిగి పూడ్చిరి. పాలన చేజారుచున్న ఘడియలలో సైతము ఆ వంశము మేడను విడిచి చెరువును కట్టుట, నేను పైన చెప్పిన పాత ఆచారమునకు కడపటి నిదర్శనము.

2016 అక్టోబరు 11, విజయదశమినాడు మూడు పట్టణములును జిల్లాకేంద్రములైనవి. మొదటి యేండ్లు కార్యాలయములు దొరకిన భవనములలో తలదాచుకొన్నవి. పిదప వనపర్తిలో 2022 మార్చి 8న, నాగర్‌కర్నూలులో 2023 జూన్ 6న, గద్వాలలో అదే నెల 12న సమీకృత కార్యాలయ భవనములు ప్రారంభమైనవి. శాఖలన్నియు నొక్కచోట చేరుట అర్జీదారునకు మహోపకారము. పూర్వము ఒక్క సంతకమునకై ఊరి నాలుగు మూలలు తిరిగిన కాళ్లకు ఈ మాట వేఱుగా చెప్ప నక్కరలేదు. కాని ఊరినడుమనున్న వేపచెట్టునుండి ఊరి వెలుపలి బీటి భూమికి కచేరి తరలినపుడు ముంగిలిని ఆదినుండి సృజింపవలసివచ్చును. ఇట్టి కొత్త ప్రాంగణములకు మన దేశమున నొక వాడుక ఏర్పడినది: వాహనము వచ్చి నిలుచు మంటపము, దానికెదుట గడ్డి, గడ్డి నడుమ జెండా గద్దె, బాటకిరువైపుల కరీబియను దీవులనుండి వచ్చిన రాజతాళములు. కారు దిగువానికిది రమణీయము. రాజతాళము నీడ ఒక మనిషికైనను చాలదు. గడ్డిపై “తొక్కరాదు” అను పలక యుండును. సోమవారము అర్జీలు తీసికొను ప్రజావాణికి వచ్చినవారు ఈ రెంటిని విడిచి ఎచటికి పోవుదురో చూడవలెనన్న, స్కూటర్లు నిలుపు రేకుల కప్పుక్రిందను, గోడవారను చూచిన చాలును.

లెక్క కొంచెము వేసి చూతము. ఎండకాలమున గడ్డికి రోజునకు అయిదు మిల్లీమీటర్ల నీరైనను కావలెను. అనగా చదరపు మీటరునకు అయిదు లీటర్లు, ఎకరమునకు సుమారు 20 వేల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు దినదినము వచ్చుటయన్నమాట. ఇక అదే ఎకరమంత మిద్దెమీద ఏడాదికి కురియు 600 మిల్లీమీటర్ల వాన 24 లక్షల లీటర్లగును. అయిదింట నొకవంతు ఆవిరికిని చిందుటకును విడిచినను 19 లక్షలకు పైగా నిలుచును. ఇంత నీరు ఒక ఎకరము గడ్డికి మూడు నెలలకు చాలును, తరువాత బోరుబావియే దిక్కు. అదే నీటిని భవనము వెనుక నొక కుంటలో నిలిపినయెడల కొన్ని వందల చెట్ల పాదులను ఏడాది పొడుగున తడుపవచ్చును. కుంట గట్టు నాలుగడుగుల యెత్తున నిడుపాటి అరుగగును. రంగసముద్రపు మేస్త్రీ చేసినది చిన్న కొలతలో ఇదియే.

ఏ చెట్లు నాటవలె ననుటకు శాస్త్రగ్రంథములు తిరుగవేయ పనిలేదు. వేప, ఫాల్గున చైత్రములలో కొత్త చివురు తొడిగి ఎండ ముదురునప్పటికి గొడుగుపట్టును. కానుగ దానికంటె ఒత్తు; ఎండలు ముదిరినపుడు దాని క్రింద నేల కనబడనంత నీడ. చింత ఆలస్యముగా ఎదుగును గాని మనుమల కాలమునకు మంటపమగును. రాత్రి దాని క్రింద పండుకొనరాదని పెద్దలందురు, కచేరి రాత్రి మూయబడును గనుక బాధ లేదు. మడగాస్కరునుండి వచ్చిన ఎఱ్ఱతురాయి పూచిన నెల అందమే, అయితే దాని కొమ్మ పెళుసు. నైరృతి గాలి మొదలైన వారమునకే బాటకడ్డముగా విఱిగిపడును. త్వరగా పచ్చబడునని నాటిన కోనోకార్పసును ఇక నాటవద్దని ప్రభుత్వమే చెప్పవలసివచ్చినది. నందివర్ధనము, గన్నేరు, పొగడ కిటికీల చెంతకు చాలును.

చెట్టు నెచట నాటవలె ననునదే అసలు ప్రశ్న. బాటకిరువైపుల వరుస తీర్చుటకంటె, అర్జీలు తీసికొను గదికి పడమటను, బస్సు దిగు చోటినుండి మెట్లవరకును, స్టాంపులు, జిరాక్సు దొరకు బల్లల చుట్టును ఇరువదేసి అడుగుల ఎడముతో కానుగయు వేపయు వేయవలెను. మధ్యాహ్నపు నీడ తూర్పునకు ఎంత దూరము సాగునో చూచి అచట పరుపుబండల అరుగులు కట్టవలెను, చేరువను త్రాగునీటి కొళాయి పెట్టవలెను. మొరము పరచిన నేల మొరముగానే యుండవచ్చును, వాన నీరు అందు ఇంకును. పాదులు ఆషాఢమున త్రవ్వి తొలి పెద్దవాన తరువాత మొక్క నాటి, రెండు వేసవులు కుంటనీటితో గడపినచో, మూడవ వానకాలము వెళ్లిన పిదప వేపకును కానుగకును నీరుపోయు కూలీ అవసరముండదు.